దింపుడు కల్లం దాకా

నిప్పుకుండ ఉట్టి తాడు వేళ్ళను కోస్తోంది, చెయ్యి మార్చుకోకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు, కొడుకైనవాడు ముందు నడవాలి, పాడె వెనక రావాలి, అది పద్ధతి, మా మేనమామ చెన్నయ్య ఇంటి ముందరే రెండుసార్లు చెప్పాడు, "అల్లుడా, ఏమన్నగానీ, ఎనక్కి మాత్రం మర్లి సూడకు" అని. ఏమన్నా కానీ అంటే ఇంకేం కావాలి. కావలసింది అయిపోయింది. వెనక పాడె మీద మా అమ్మ నర్సింగమ్మ ఉంది, రాత్రి వరకూ నా ఇంట్లో తిరిగిన మనిషి, బెల్లంముక్క కోసం చెయ్యి చాచిన మనిషి, ఆ బెల్లంలో నేను నిద్రగోళీలు నూరి కలిపి పెట్టాను, ఒకటి కాదు, పొట్లంలో మిగిలినవన్నీ, ఆరు. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. నా భార్య ఉప్పలమ్మకూ తెలియదు. డప్పులు మోగుతున్నాయి, ఎవరో పేలాలు చల్లుతున్నారు, తడిపంచె కాళ్ళకు చుట్టుకుంటోంది, నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నడుస్తున్నాను.

పాడె కొయ్యకు కట్టిన కోడిపిల్ల కీచుమంటోంది. ఇవాళ శనివారం, శని పీనుగు తోడు కోరుతుందంటారు, ఊళ్ళో ఇంకొకరిని తీసుకుపోకుండా ఆ కోడిపిల్లను తోడుగా పంపుతారు. అందుకే ఇంత తొందర కూడా. అమ్రాబాద్ అడవి అంచు ఊరికి ఇచ్చిన మా చెల్లె హనుమమ్మకు కబురు పంపారే గానీ ఆమె కోసం ఆగలేదు. "శనారం పీనుగును నిలవబెట్టుకుంటే ఊరికే అరిష్టం" అని మామ అన్నప్పుడు అందరికంటే ముందు తల ఊపింది నేను. హనుమమ్మ వస్తే అమ్మ మీద పడి ఏడుస్తుంది, చెంపకు చెంప ఆనిస్తుంది, రాత్రి ఏం తిన్నది, ఏమన్నది, ఎవరు పెట్టారు అని పదిసార్లు అడుగుతుంది. తోడబుట్టినది వచ్చేలోపే కన్నతల్లిని ఇల్లు దాటించాలని చూశాను. ఇట్లాంటి వాణ్ణి ఇంకెక్కడైనా చూస్తే మొహాన ఉమ్మేసి ఉండేవాణ్ణి.

పొద్దున నేను లేచేసరికి ఎండ గడప దాటి లోపలికొచ్చింది. అమ్మ నా పక్కనే గొంగడి మీద ఉంది, పుష్యమాసపు చలికి ఒళ్ళు మంచుగడ్డ, పెదాలు నేరేడుపండు రంగు. పిలిచాను, కుదిపాను, లేదు. నా కేకకు ఊరు ఊరంతా వచ్చింది. మామ దూదిపింజ తెచ్చి ముక్కు దగ్గర పెట్టాడు, ఆయనకు డెబ్బై దగ్గర, చెయ్యి వణుకుతుంది, వాకిట్లోంచి గాలి, దూది కదిలింది గాలికా చేతికా అని ఎవరు అడిగారు, నేనూ అడగలేదు. "అయిపోయింది" అన్నాడు మామ, తమ్ముడే అన్నాక ఇంక మాట ఏముంది. అక్కడినుంచి అన్నీ వాటంతట అవే జరిగిపోయాయి, నన్నెవరో నీళ్ళలో ముంచి తీసినట్టు, మాటలు వినబడతాయి కానీ అర్థం కావు. వాకిట్లో పెట్టి వేణ్ణీళ్ళు పోశారు, కాలివేళ్ళు కలిపి కట్టారు, అప్పుడే ఆ మాట విన్నాను, పక్కింటి బీరమ్మ అన్నది, "ఎంత పున్నెం జేసుకున్నదో తల్లి, గింత పొద్దెక్కినా ఒళ్ళు కట్టెబారలే సూడు, చెయ్యి ఎట్లంటే అట్ల మలుగుతుంది." మిగతా ఆడవాళ్ళు అవునవునని చెంపలు వేసుకున్నారు. పుణ్యాత్ముల శరీరం మెత్తగా ఉంటుందని మా దగ్గర ఒక మాట. నేను స్తంభానికి ఆనుకుని నిలబడి విన్నాను. పుణ్యమే కావచ్చు అనుకున్నాను. ఇంకో రకంగా అనుకోవడానికి ధైర్యం లేదు.

నలభై రోజులు. నలభై రోజులు ఆ ఇంట్లో ఎవరూ కన్ను మూయలేదు. పొద్దుగూకితే చాలు అమ్మకు పని గుర్తొచ్చేది, జొన్నచేనుకు పిట్టలు కొడుతున్నాయనేది, మంచె ఎక్కాలనేది, రాళ్ళు రువ్వే ఒడిసెల ఏదిరా అని మూలలన్నీ వెతికేది, ఇరవై ఏళ్ళ కింద కావలి మానేసిన చేను అది. తలుపు గొళ్ళెం తీసుకుని వాగుదాకా పోయేది, వెతికి పట్టుకొస్తే మళ్ళీ లేచేది. నాకేమో తెల్లవారకముందే సాగర్ కట్ట పని, ఊరి బాటకు లారీ వస్తుంది, ఎక్కకపోతే కూలి పోతుంది. ఒకనాడు రాయి నెత్తిన పెట్టుకుని పరంజా మీద నడుస్తూ నడుస్తూ నిద్రపోయాను, పక్కవాడు నడుము పట్టుకుని గుంజకపోతే ఇవాళ ఈ కుండ పట్టుకోవడానికి నేను లేను. ఆ మర్నాడే తాలూకా దవాఖానకు పోయాను. డాక్టరు మంచివాడు, కసురుకోలేదు, ఎనిమిది గోళీలు పొట్లం కట్టి ఇచ్చి, మాటమాటా విడదీసి చెప్పాడు. "సగం గోళీ. సగమే. ముసలి శరీరం, ఎక్కువ ఇయ్యద్దు. ఇంకో ముచ్చట, కొందరు ముసలోళ్ళకు ఇది ఉల్టా పని చేస్తది, నిద్రకు బదులు గాబరా లేస్తది. అట్లయితే ఆపి నా దగ్గరికి తీసుకురా." నేను అట్లనే సార్ అన్నాను. విన్నాను. చెవిటివాణ్ణి కాదు. నిద్రగోళీ తింటే నిద్ర పోతుంది గానీ ఉల్టా ఏమిటి, కడుపు నింపుకోవడానికి తింటే ఆకలేస్తుందా, డాక్టర్లు ఏదో ఒకటి భయపెట్టందే పంపరు అనుకుంటూ ఇంటికి వచ్చాను.

ఉల్టానే అయింది. మొదటి రోజు సగం గోళీ వేసిన గంటకు అమ్మ లేచి కూర్చుని గాల్లోంచి దారాలు పీకడం మొదలుపెట్టింది, పీకి పీకి ఒళ్ళో పోగేసుకుంటోంది, లేని దారాలు. చచ్చి పదేళ్ళయిన తన మొగుడితో, మా బాపుతో మాట్లాడింది, నవ్వింది, ఆ నవ్వు మా అమ్మది కాదు. నేను దగ్గరికి పోతే గోడకు ఒదిగి, "ఎవడ్రా నువ్వు, నా కొడుకేడి, నా కొడుకును ఏం జేసినవ్" అని నా చెయ్యి కొరికింది. మామూలుగా నిద్ర పట్టని రోజుల్లో కూడా నన్ను గుర్తుపట్టేది. ఆ రాత్రే మొదటిసారి పట్టలేదు. మర్నాడు నేనేం చేయాలి, గోళీలు ఆపి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి, మూడేళ్ళ పిల్లకు చెప్పినా చేస్తుంది. కానీ కూలి పోతుంది, బండి కావాలి, పైగా నా బుర్రలో ఒకటే లెక్క, నిద్ర పట్టలేదంటే మందు చాలలేదు. ఎరువు చాలకపోతే ఇంకో తట్ట వేస్తాం కదా. ఒక గోళీ వేశాను. అమ్మ తాగినవాళ్ళలా తూలి గడప మీద పడింది, కనుబొమ్మ చిట్లింది. బీరమ్మ వచ్చి చూసి, "గాలి సోకింది పిల్లా" అని ఉప్పలమ్మతో అని, మంచానికి వేపమండలు కట్టింది. గాలి కాదు బీరమ్మా, గోళీ అని నేను అనలేదు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. మళ్ళీ అర గోళీ. తగ్గలేదు. ఇంకో రెండు రోజులు ఏమీ ఇవ్వకుండా చూశాను, అప్పుడూ తగ్గలేదు, ఆ రెండు రోజులూ అమ్మ అరిచిన అరుపులకు ఎదురింటివాళ్ళు పిల్లల్ని తీసుకుని చుట్టాలింటికి పోయారు.

నిన్న పని నుంచి వచ్చి కూర్చున్నాను. ఉప్పలమ్మ అన్నం పెట్టి అక్కడే గోడకు ఒరిగి నిద్రపోయింది, చేతిలో గంటె అలాగే ఉంది. అమ్మ వాకిట్లో పిట్టల్ని అదిలిస్తోంది. నేను లేచి పొట్లం విప్పాను, రోట్లో వేసి నూరాను, బెల్లం దంచి కలిపాను. అమ్మను చంపాలని కాదు, దేవుడి మీద ఒట్టు, చంపాలని కాదు. అమ్మకు నిద్ర రావాలని కూడా కాదు, ఇప్పుడు ఈ డప్పుల మధ్య అబద్ధం ఎందుకు, నాకు నిద్ర కావాలి. నాకు. ఒక్క రాత్రి. అమ్మ బెల్లం తిని, వేలు నాకి, నీళ్ళు అడిగింది, నీళ్ళకు పొలమారింది, నెత్తిమీద తట్టాను. తర్వాత ఆమె తల నా తొడ మీదికి వాలింది, అంత తేలికైన తల. నేను పడుకున్నాను. నా జన్మలో అంత హాయిగా నిద్రపోయింది నిన్ననే.

రజాకార్ల గొడవలప్పుడు నాకు పాతికేళ్ళు, ఊళ్ళో మగపిల్లల్ని పట్టుకుపోతున్నారని తెలిసి అమ్మ నన్ను జొన్నలు తీసేసిన పాతరలో దించింది. ముందు దీపం దించి చూసింది, దీపం ఆరలేదు, లోపల గాలి ఉంది, అప్పుడు దిగమన్నది. పాతర మూత కొంచెం ఎడంగా పెట్టి, దాని పక్కన కారంపొడి మూకుడు పెట్టుకుని కూర్చుంది. మూడు పగళ్ళు, మూడు రాత్రులు. నేను లోపల గుర్రు పెట్టి నిద్రపోయానట, పైకి వినపడుతుందేమోనని ఆమె తిరగలి తిప్పుతూ కూర్చుందట. ఆమె నాకోసం మేలుకుంది, నేను నాకోసం ఆమెను పడుకోబెట్టాను. మనుషుల మధ్య ఇంత తేడా ఉంటుందా, అదీ కన్నతల్లికీ ఆ కడుపున పుట్టినవాడికీ మధ్య. దీపం దించి చూసింది అమ్మ. ఊపిరి ఆడుతుందా లేదా అని చూసి గానీ నన్ను దింపలేదు. మరి నేను ఏం చూశాను. మామ చేతిలో దూది చూశాను.

మలుగుతుంది అన్నది బీరమ్మ. చెయ్యి ఎట్లంటే అట్ల మలుగుతుంది.

మా బాపు పోయినప్పుడు తెల్లవారేసరికి చేతులు కర్రలు, అంగీ తీయడానికి కోయవలసి వచ్చింది. రాత్రే పోయి ఉంటే ఈ చలికి అమ్మ చెయ్యి మలుగుతుందా. ఆ ఆలోచన పుట్టిన చోటే నా కాలు ఆగింది, వెనకవాళ్ళు "నడువ్ నడువ్" అన్నారు, నడిచాను. ఉంటే? ఊపిరి ఉంటే? వేణ్ణీళ్ళు పోసినప్పుడు వీపు ఎర్రబడింది, నేను చూశాను, చూసి తల తిప్పుకున్నాను, చచ్చినవాళ్ళ చర్మం ఎర్రబడుతుందా. వెనక్కి చూడాలి. చూడకూడదు. నోరు తెరిచి ఆగండి అంటే చాలు. ఎందుకు రా అంటారు. బతికుందేమో అనాలి. ఎట్ల తెలుసు అంటారు. అప్పుడు చెప్పాలి, గోళీల సంగతి చెప్పాలి, చెప్పాక పాడె దింపి చూసి, నిజంగానే పోయి ఉంటే? అప్పుడు నేను తల్లిని చంపినవాణ్ణి, ఈ బాట మీద, ఈ మనుషులందరి ముందు. చెప్పకపోతే ఉత్త తల్లి పోయినవాణ్ణి. మింగలేను, కక్కలేను. నేను చెప్పకపోతే ఇంకో గంటకు ఆమె కట్టెల మీద ఉంటుంది, నిప్పు పెట్టేది నేనే, ఈ కుండలోని నిప్పే. ఊపిరి ఉన్న మనిషికి. అయినా నోరు రాలేదు. అడుగు పడుతూనే ఉంది. ఇంత పిరికివాడు ఆ తల్లికి ఎట్లా పుట్టాడు.

"దింపున్రి" అన్నాడు మామ. తంగేడు పొదల దగ్గర ఎప్పుడూ దించే చోటే, దింపుడు కల్లం. ఇక్కడ పాడె నేల మీద పెట్టి, దగ్గరివాళ్ళు చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు, పోయిన ప్రాణం వెనక్కి వస్తుందేమోనని, ఎవరికీ ఎప్పుడూ రాదు, అయినా పిలుస్తారు. డప్పులు ఆగాయి. నిప్పుకుండ పక్కన పెట్టి వెనక్కి తిరిగాను. ఇప్పుడు చూడవచ్చు. దవడ కట్టు కట్టిన అమ్మ ముఖం, కనుబొమ్మ మీద ఎండిన గాయం, దారి పొడుగునా ఎండ తగిలి చెంపలకు ఏదో రంగు వచ్చింది, లేదా నాకలా కనిపిస్తోంది. మోకాళ్ళ మీద కూలబడి చెవి దగ్గర నోరు పెట్టాను. "అమ్మా" అన్నాను. ఏమీ లేదు. "అమ్మా, నేను సైదులును" అన్నాను. ఏమీ లేదు. జనం కట్టెల దిక్కు చూస్తున్నారు, ఇంకొక్క పిలుపు, అయిపోతే లేవడమే. మూడోసారి నాకు అమ్మా అనే మాట రాలేదు. "గోళీలు నేనే పెట్టిన" అన్నాను, చెవిలో, నాకే వినపడనంత మెల్లగా. "బెల్లంల కలిపి పెట్టిన. తిట్టు, కొట్టు, లెవ్వు."

గర్‌మని ఒక చప్పుడు. గొంతులో ఎక్కడో లోతున. నా గొంతు అనుకున్నాను. మళ్ళీ వచ్చింది, గురక. సన్నటి, తడి గురక.

ఎవరో కెవ్వుమన్నారు, పాడె మోసినవాళ్ళలో ఇద్దరు తంగేడు పొదల్లోకి ఉరికారు, పేలాల చాట కింద పడింది. నాకు క్షవరం చేయడానికి వెంట వచ్చిన పెద్దులు ఒక్కడే బెదరలేదు, పొదిలోంచి చేతి అద్దం తీసి, దవడ కట్టు జరిపి, అమ్మ ముక్కు దగ్గర పట్టాడు. అందరూ ఆ అద్దాన్నే చూస్తున్నారు. చింతగింజంత మసక పట్టింది. పోయింది. మళ్ళీ పట్టింది. "ఉన్నది" అన్నాడు పెద్దులు. "పానమున్నది." నేను ఆమెను ఇక్కడిదాకా మోయించుకొచ్చాను. ఊపిరితో ఉన్నదాన్ని కాళ్ళు కట్టి మోయించుకొచ్చాను.

మామ నన్ను కౌగిలించుకున్నాడు. ముసలాయన ఒళ్ళంతా ఏడుపుతో ఊగుతోంది. "కొడుకంటే నువ్వురా! మూడో పిలుపుకు అక్కను మళ్ళిచ్చినవ్ గదరా!" జనం వెనక్కి వచ్చారు, ఒకరు నా కాళ్ళు ముట్టుకున్నారు, ఒకరు నా చేతిని కళ్ళకు అద్దుకున్నారు, పిలుపులో సత్తువ ఉండాలె అని ఇంకొకరు. అయ్యో, ఈ మర్యాద కంటే చెప్పుతో కొట్టినా బాగుండు. "మైసమ్మ గుడికాడ దింపుదాం" అంటున్నాడు మామ, "పాడెక్కినోళ్ళు ఇంట్ల అడుగు పెట్టొద్దు, మూడొద్దులు ఆడనే ఉంచి, యాటను గోసి, అప్పుడు తోల్కపోదాం. ముందుగాల నోట్లె తీర్థం బొయ్యున్రి, గొంతెండి ఉంటది." ఎవరో చెంబు వంచుతున్నారు. నేను చెంబు పట్టుకున్నాను. "దవాఖానకు దీస్కపోదాం మామా." ఆయన నవ్వాడు, కన్నీళ్ళతోనే. "మైసమ్మ మళ్ళిచ్చిన పానానికి డాక్టరెందుకురా పిచ్చోడా." అందరూ నవ్వారు. చెంబు మళ్ళీ వంగింది. నిన్న రాత్రి మెలకువలో ఉండగానే నీళ్ళు పొలమారిన గొంతు అది.

"మైసమ్మ గాదు!" నా కేకకు నేనే బెదిరాను. "నీళ్ళు పొయ్యకున్రి! పానం పోనేలేదు, నేను గోళీలు పెట్టిన. నిద్రగోళీలు. డాక్టరు సగం పెట్టుమంటె నేను ఆరు పెట్టిన. నాకు నిద్ర లేక పెట్టిన."

నా చేతిని కళ్ళకు అద్దుకున్నాయన ఆ చేతిని వదిలేశాడు. మామ నా వైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరచిపోను, కోపం కాదు, నన్ను ఎప్పుడూ చూడనివాణ్ణి చూసినట్టు చూశాడు. తర్వాత ఆయన వంగి, అమ్మ కాలివేళ్ళ కట్టు తన చేతులతో విప్పాడు. "బండి గట్టున్రి. దవాఖానకు" అన్నాడు, ఆ గొంతులో ఏడుపు లేదు. నేను నా భుజం ఇవ్వబోయాను, పాడె కొయ్య పట్టుకున్నాను. ఆయన నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు.

"నువ్వు ముట్టకు."

పాడె లేపారు. నలుగురూ ఉరుకులాంటి నడకతో ఊరి బాట వైపు పోతున్నారు, బండి కట్టించడానికి ఎవరో ముందే పరుగెత్తారు, పెద్దులు అద్దం చేతిలోనే పట్టుకుని పాడె పక్కన పోతున్నాడు, మధ్యమధ్య అమ్మ ముక్కు దగ్గర పెట్టి తల ఊపుతున్నాడు. నన్ను రమ్మని ఎవరూ అనలేదు. హనుమమ్మ రేపు వస్తుంది, ఆమెకు అందరూ చెప్తారు, ఉప్పలమ్మకు అంతకంటే ముందే తెలుస్తుంది. నాకు అక్కడే తంగేడు పొదల్లో పడి ఉండాలని ఉంది. కానీ దవాఖానలో డాక్టరు అడుగుతాడు, ఏ రోజు ఎన్ని, ఏ వేళకు, దేనితో కలిపి. చెప్పగలిగింది నేనొక్కణ్ణే. తడిపంచె మోకాళ్ళ పైకి ఎగగట్టుకుని వాళ్ళ వెనక పరుగెత్తుతున్నాను.